అటక మీది రెగ్యులేటర్ దించే ముందు

తుఫాన్ల నెలలు గడిచి డిసెంబరు వచ్చేసరికి రుషికొండ దగ్గర నీళ్లు కాస్త తేటపడతాయి. "ఆదివారం డైవింగ్‌కి వస్తావా?" అని ఫోన్లు మొదలవుతాయి. మే నెలలో అటకెక్కించిన బ్యాగు అప్పుడు గుర్తొస్తుంది. నీళ్ల కింద సిలిండర్ గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ ఉండేది అందులోనే, ఏడు నెలల పాటు దాని గతి ఏమైందో ఎవరికీ తెలీదు. వైజాగ్ ఎండకీ ఉక్కకీ రబ్బరు గట్టిపడుతుంది. సరిగ్గా కడగకుండా వదిలేసిన ఉప్పు గింజకడుతుంది. ఒక్కోసారి మౌత్‌పీస్‌లో బొద్దింక కాపురం కూడా పెడుతుంది. నవ్వకండి, నేను దులిపి చూశాను.

ఇవన్నీ చివరికి ఒకే రకంగా బయటపడతాయి. నీళ్లలో దిగాక, పీల్చిన గాలితో పాటు నోట్లోకి ఉప్పునీళ్లు వస్తాయి. గాలే రాకపోతే ఎవరైనా వెంటనే పట్టించుకుంటారు. చెంచాడు నీళ్లు వస్తే మాత్రం "నేనే సరిగ్గా కరిచి పట్టుకోలేదేమో" అని సర్దుకుపోతారు. ఆ చెంచాడు నీళ్లకే పొలమారితే దగ్గు ఆగదు, దగ్గుకి కంగారు తోడవుతుంది, కంగారులో మనిషి ఊపిరి బిగబట్టి పైకి లేస్తాడు. డైవింగ్‌లో చేయకూడని పని అదే.

రెండేళ్ల కిందట నేనూ అలాగే సర్దుకుపోయాను. తొమ్మిది మీటర్ల లోతులో ప్రతి నాలుగో ఊపిరికీ నాలుక మీద ఉప్పదనం. గాలిని ఒక్కసారిగా వదిలే పర్జ్ బటన్ నొక్కి నీళ్లు వెళ్లగొట్టడం, మళ్లీ రావడం, ఇలా పదిహేను నిమిషాలు గడిపాను. పైకొచ్చాక మా బావమరిది "ఏటైంది బావా, అన్నిసార్లు నొక్కుతున్నావ్?" అని నా చేతిలోంచి రెగ్యులేటర్ తీసుకుని మౌత్‌పీస్‌ని వేళ్లతో వెనక్కి మడిచాడు. దాన్ని బిగించి ఉంచే ప్లాస్టిక్ జిప్ టై అంచు కింద, వెంట్రుకంత సన్నటి చీలిక. మామూలుగా చూస్తే కనబడదు, మడిస్తే పెదవిలా తెరుచుకుంది. ఒడ్డు మీద పది సెకన్లు చూసుంటే ఆ పదిహేను నిమిషాల టెన్షన్ ఉండేది కాదు.

నీళ్లు ఎందుకొస్తాయో తెలిస్తే ఎక్కడ వెతకాలో కూడా తెలుస్తుంది. మనం గాలి పీల్చినప్పుడు సెకండ్ స్టేజ్, అంటే నోటి దగ్గరుండే డబ్బా, లోపల ఒత్తిడి బయటి నీటికన్నా కొంచెం తగ్గుతుంది. ఆ తేడాకి డయాఫ్రమ్ అనే పల్చటి పొర లోపలికి వంగి మీటను నొక్కుతుంది, గాలి వస్తుంది. మంచి రెగ్యులేటర్‌కి రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తు నీటికుండే ఒత్తిడంత తేడా చాలు. అయితే ఆ క్షణంలో డబ్బాకి ఎక్కడ సందున్నా గాలితో పాటు నీళ్లూ లోపలికొస్తాయి. అందుకే తడి పీల్చినప్పుడే తెలుస్తుంది, వదిలినప్పుడు కాదు.

ఒడ్డు మీద చేయాల్సిన పరీక్షకి పైసా ఖర్చు లేదు. రెగ్యులేటర్‌ని సిలిండర్‌కి బిగించండి, వాల్వ్ తెరవకండి. లోపల గాలి మిగిలుంటే పర్జ్ నొక్కి వదిలేయండి. ఇప్పుడు మౌత్‌పీస్ నోట్లో పెట్టుకుని నెమ్మదిగా పీల్చండి. కొద్దిగా గాలొచ్చి ఆగిపోవాలి. అలాగే పీలుస్తూ రెండు మూడు సెకన్లు ఉంటే మౌత్‌పీస్ నాలుకని పట్టి లాగుతున్నట్టుండాలి. లాగకుండా ఎక్కడినుంచో సన్నగా గాలి వస్తూనే ఉంటే అక్కడ సందుంది. ఈ రోజు గాలి వచ్చిన చోటునుంచే రేపు నీళ్లొస్తాయి.

సందు ఎక్కడో పట్టడానికి రెండు చేతులు చాలు. రెగ్యులేటర్ కింద మీసంలా రెండు వైపులకీ వంగిన భాగం ఉంటుంది, ఊదిన గాలి బుడగలుగా పోయేది అందులోంచే. దాని రెండు రంధ్రాలూ మూసి మళ్లీ పీల్చండి. లీకు ఆగిందంటే తప్పు ఎగ్జాస్ట్ వాల్వ్‌ది. ఆగకపోతే వాటిని వదిలేసి, మౌత్‌పీస్ డబ్బాకి కలిసే చోట పిడికిలితో గట్టిగా బిగించి పీల్చండి. ఇప్పుడు ఆగితే మౌత్‌పీస్ చిరిగినట్టో, జిప్ టై వదులైనట్టో. రెండింటికీ ఆగలేదా, డయాఫ్రమ్ పక్కకి జరిగి ఉండొచ్చు, చిరిగి ఉండొచ్చు, డబ్బాయే బీటలిచ్చి ఉండొచ్చు. దాన్ని మీరు విప్పకండి, సర్వీసు చేసేవాళ్లకి ఇవ్వండి. స్క్రూడ్రైవర్ ఉన్న ప్రతివాడూ మెకానిక్ కాదు.

ఆక్టోపస్‌ని, అంటే అదనంగా వేలాడే రెండో సెకండ్ స్టేజ్‌ని, కూడా ఇదే వరసలో పరీక్షించాలి. చాలామంది తాము పీల్చేదాన్నే చూసి దీన్ని వదిలేస్తారు. నిజానికి ఇసుకలో ఎక్కువగా ఈడ్చుకుపోయేది అదే, ఆపదలో నోట్లో పెట్టుకోవాల్సిందీ అదే.

ఇసుక సంగతి మన తీరంలో మరీ ముఖ్యం. ఒడ్డు నుంచి దిగేటప్పుడు అలలు మోకాళ్ల మీద కొట్టి పడేస్తాయి, వేలాడే రెగ్యులేటర్ ఇసుకనీళ్లలో దొర్లుతుంది. ఎగ్జాస్ట్ వాల్వ్ అంటే సుమారు పది రూపాయల బిళ్లంత పల్చటి సిలికాన్ రేకు. దాని అంచు కింద ఒక్క ఇసుక రేణువు ఇరుక్కున్నా, అంచు మడతపడినా అది పూర్తిగా మూసుకోదు. అలలు దాటేదాకా రెగ్యులేటర్ నోట్లోనే ఉంచుకోండి, ఆక్టోపస్‌ని క్లిప్పుకి తగిలించండి. ఇసుక చేరిందనిపిస్తే, సిలిండర్ వాల్వ్ తెరిచి ఉన్నప్పుడు నీళ్లలో ముంచి అటూ ఇటూ ఆడించి, గట్టిగా రెండుసార్లు ఊదండి. చాలాసార్లు అంతటితో పోతుంది.

ఇన్ని చూసుకున్నా నీళ్లలో తడి మొదలైతే? ముందు నాలుక కొనని అంగిలికి ఆనించి నెమ్మదిగా పీల్చండి, నాలుక అడ్డుంటే నీళ్లు గొంతుదాకా పోవు. గట్టిగా ఊదండి. మౌత్‌పీస్ పళ్ల మధ్య, పెదవుల మధ్య సరిగ్గా ఉందా చూసుకోండి, నవ్వినా పెదవుల సందులోంచి నీళ్లొస్తాయి. తలకిందులుగా బండ కిందికి తొంగిచూస్తున్నా, వెల్లకిలా తిరిగి పైకి చూస్తున్నా కొద్దిపాటి తడి మామూలే. అప్పుడు ఎగ్జాస్ట్ వాల్వ్ నోటికన్నా పైన ఉంటుంది కాబట్టి లోపలి నీళ్లు బయటికి పోవు. ముఖం కిందికి తిప్పి ఊదితే సరిపోతుంది.

ఇవన్నీ చేశాక కూడా మూడో ఊపిరికి మళ్లీ నీళ్లొచ్చాయంటే ఇక కారణం వెతకొద్దు. ఆక్టోపస్‌కి మారండి. పెట్టుకోగానే ముందు ఊదండి, లేదా నాలుక అడ్డుపెట్టి పర్జ్ నొక్కండి, ఆ తర్వాతే పీల్చండి. అరచేయి కిందికి పెట్టి అటూ ఇటూ ఊపి, రెగ్యులేటర్ చూపిస్తే బడ్డీకి, అంటే జతగా దిగిన డైవర్‌కి, అర్థమవుతుంది. డైవ్ అక్కడితో ముగించి ఇద్దరూ కలిసి పైకి రండి, నిమిషానికి తొమ్మిది మీటర్లు మించకుండా. గాలి ఉండి, మీ ఊపిరి కుదురుగా ఉంటే ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగండి. దగ్గొస్తే రెగ్యులేటర్‌లోకే దగ్గండి, తీయకండి. ఊపిరి మాత్రం ఎక్కడా బిగబట్టకండి.

బాగుచేసుకోవడంలో మౌత్‌పీస్ మార్చడం దాకా మన చేతిలో పని. పాత జిప్ టైని కటింగ్ ప్లయర్‌తో కత్తిరించండి, బ్లేడుతో వద్దు, అది జారితే డబ్బా గొట్టం మీద గీత పడుతుంది. కొత్త టై ఎలక్ట్రికల్ షాపులో దొరికేదే. తోక కత్తిరించాక మిగిలిన మొన పెదవికి తగలకుండా కిందికి ఉంచండి. చిరిగిన మౌత్‌పీస్‌కి ఫెవిక్విక్ పెట్టి పొదుపు చేసేవాళ్లని చూశాను, పళ్లతో కొరికే వస్తువుకి ఆ పొదుపు వద్దు. మిగతా భాగాలకి తయారీదారు చెప్పిన గడువులో సర్వీసు తప్పనిసరి, చాలా మోడళ్లకి అది ఏడాదికో రెండేళ్లకో ఒకసారి.

మొదటిసారి సరదాగా డైవ్ చేయబోయేవాళ్లు సొంతంగా ఇవన్నీ చేయలేరు. మీరు ఇన్‌స్ట్రక్టర్‌ని ఒక్కటే అడగండి: నడుములోతు నీళ్లలో ముఖం ముంచి పది ఊపిర్లు తీసుకోనివ్వమని. తడి తగిలితే వేరే సెట్ అడగండి, మొహమాటపడకండి. కోస్ట్ గార్డ్ నంబరు 1554, అంబులెన్సుకి 108, పడవెక్కే ముందే ఫోన్‌లో వేసుకోండి.

ఇంటికొచ్చాక రెగ్యులేటర్‌ని మంచినీళ్ల బకెట్లో కాసేపు నానబెట్టండి. సిలిండర్ నుంచి విప్పేశాక, సిలిండర్‌కి తగిలే ఫస్ట్ స్టేజ్ మూతిని మూసే డస్ట్ క్యాప్ బిగించే ముంచండి, నీళ్లలో పర్జ్ బటన్ జోలికి మాత్రం పోకండి, నొక్కితే హోస్‌లోంచి ఫస్ట్ స్టేజ్‌లోకి నీళ్లు పోతాయి. నీడలో ఆరబెట్టండి. మళ్లీ అటకెక్కించేటప్పుడు మౌత్‌పీస్ మడతపడకుండా, బొద్దింకకి దారి లేకుండా జిప్ ఉన్న సంచిలో పెట్టండి.