రీడింగ్ హాలుకు ఎంత గాలి కావాలో మీటరును అడగండి

చిక్కడపల్లిలో ఒక సందులో, రెండో అంతస్తులో నలభై కుర్చీల రీడింగ్ హాలు నడుపుతున్నాను. గ్రూప్స్‌కు చదివే పిల్లలు ఉదయం ఏడింటికే వస్తారు, కొందరు తెల్లవార్లూ ఉంటారు. మధ్యాహ్నానికల్లా సగం తలలు పుస్తకాల మీదికి వాలిపోయేవి. మెస్సులో పెరుగన్నం దండిగా లాగిస్తున్నారని వాళ్లనే తిట్టేవాణ్ణి. ఒకరోజు కార్బన్ డయాక్సైడు మీటరు తెచ్చి పెట్టాను. తలుపులు మూసి ఏసీలు వేసిన పావుగంటలోపే అంకె 1000 పీపీఎం దాటింది, అంటే పది లక్షల వంతుల గాలిలో వెయ్యి వంతులు ఈ వాయువే. పదకొండింటికి 2600. పెరుగన్నానికి అప్పటికింకా రెండు గంటల టైముంది.

స్ప్లిట్ ఏసీ గదిలో ఉన్న గాలినే తిప్పి చల్లబరుస్తుంది, బయటి గాలిని లోపలికి తేదు. ఎయిర్ ప్యూరిఫయరు దుమ్మును పట్టేస్తుంది కానీ ఈ వాయువును పట్టదు. మనీప్లాంటు సంగతి అడగకండి, నేనూ నాలుగు కుండీలు కొన్నాను. 2600 అంటే విషమని కాదు. కార్మికులకు ఎనిమిది గంటల పని మీద పెట్టే పరిమితి 5000. ఒకరు వదిలిన గాలిని పక్కవాళ్లు ఎంతగా పీలుస్తున్నారో చెప్పే లెక్క అది. జర్మనీలోని మ్యూనిక్‌లో పెట్టెన్‌కోఫర్ అనే ఆరోగ్య శాస్త్రవేత్త 1858లోనే గదులకు 1000 దగ్గర గీత గీశాడు. నేనూ ఆ గీతనే పట్టుకున్నాను.

ముందు ఫ్యాను లెక్క. కూర్చుని చదివే మనిషికి సెకనుకు పది లీటర్ల బయటి గాలి చొప్పున, నలభై మందికి 400 లీటర్లు, అంటే దాదాపు 850 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగులు, ఫ్యాన్లను ఈ లెక్కనే అమ్ముతారు). అట్ట పెట్టె మీద రాసిన సీఎఫ్ఎం ఫిల్టరు, పైపు లేకుండా కొలిచింది, కాబట్టి ఒక సైజు పెద్దదే తీసుకోండి. అదేదో రోజంతా నడిపేస్తే పోదా అంటారేమో. మే నెలలో బయట 41 డిగ్రీలు, లోపల 26 అనుకోండి: అంత గాలిని చల్లబరచడానికే రెండు టన్నుల ఏసీ పని పడుతుంది. రాత్రి పదిమందే ఉన్నప్పుడు ఆ కరెంటు ఎందుకు కట్టాలి? మనుషులు పెరిగితే గాలి పెరగాలి, తగ్గితే తగ్గాలి. తలలు లెక్కపెట్టే పని మీటరుకు అప్పగించాలి.

మీటరు కొనేటప్పుడు ఎన్‌డీఐఆర్ రకమేనా అని అడగండి. అది పరారుణ కాంతితో నేరుగా ఈ వాయువునే కొలుస్తుంది. చవక వాటిలో చాలావరకు వేరే వాసనలను చూసి అంకెను ఊహిస్తాయి. అగరువత్తి వెలిగిస్తే చాలు, గంతులేస్తాయి. ఫ్యానును నడపాలంటే రిలే, అంటే అంకెను బట్టి తనంతట తానే ఆన్, ఆఫ్ అయ్యే స్విచ్చు, ఉన్నది కావాలి.

ఎక్కడ బిగించాలన్న దాని మీద నేను రెండుసార్లు తప్పు చేశాను. తలుపు పక్కన పెడితే, ఎవరు వచ్చినా వెళ్లినా అంకె పడిపోయేది. బల్ల మీద పెడితే, ఎదుటి అబ్బాయి ముందుకు వంగినప్పుడల్లా మూడు వందలు ఎక్కేది. ఇప్పుడు హాలు మధ్య స్తంభానికి, నాలుగు అడుగుల ఎత్తున, దగ్గరి కుర్చీకి మూడడుగుల దూరంలో, ఏసీ గాలి నేరుగా తగలకుండా ఉంది.

ఫ్యాను విషయంలో మొదట గాలిని బయటికి లాగే ఎగ్జాస్టు పెట్టించాను. అరగంటకే హాలంతా దగ్గులు. కింద టిఫిన్ సెంటరు వాళ్లు మిరపకాయల తాలింపు వేశారు. అగరువత్తి వెలిగించి తలుపు కింది సందు దగ్గర పట్టుకుంటే పొగ దారంలా లోపలికి సాగింది. బయటికి ఎంత లాగితే అంతా ఎక్కడి నుంచో రావాలి కదా, మెట్ల దారి నుంచి వస్తోంది. తిప్పి పెట్టించాను: వెనక గోడ నుంచి, జనరేటరుకు, మరుగుదొడ్ల గాలికి దూరంగా, ఫిల్టరు గుండా లోపలికి తోసే ఫ్యాన్లు, గాలి బయటికి పోవడానికి ఎదుటి గోడలో జాలీ. ఇప్పుడు పొగ తలుపు కింద నుంచి బయటికే పోతుంది.

ఫ్యాన్లు రెండు. 200 సీఎఫ్ఎం చిన్నది, లోపల ఒక్కరున్నా ఆగదు. రంగుల వాసన, బల్లల వాసన మీటరుకు తెలియవు మరి. పెద్దది రిలే మీద నడుస్తుంది: 950 దగ్గర ఆన్, 750 దగ్గర ఆఫ్. రెండు అంకెలనూ దగ్గరగా పెడితే ఫ్యానుకు కరెంటు కలిపే పెద్ద స్విచ్చు, కాంటాక్టరు, మాటిమాటికీ టకటకమంటూ పిల్లల ప్రాణం తీస్తుంది. డబ్బు పెట్టగలిగితే వేగం మారే ఈసీ ఫ్యాను, ఆ వేగాన్ని అంకెను బట్టి పెంచి తగ్గించే 0-10 వోల్టుల అవుట్‌పుట్ ఉన్న మీటరు తీసుకోండి, అసలు చప్పుడే ఉండదు.

సరిగ్గా బిగించారో లేదో తేల్చే లెక్క ఒకటుంది. హాలు నిండా ఉన్నప్పుడు పెద్ద ఫ్యాను అరగంట ఆగకుండా నడిచాక అంకె ఒక చోట నిలబడుతుంది. అందులోంచి బయటి అంకె, సుమారు 430, తీసేయండి. 5000ని ఆ మిగిలినదానితో భాగిస్తే తలకు సెకనుకు ఎన్ని లీటర్లు అందుతున్నాయో వస్తుంది. మాది ఒకసారి 1250 దగ్గర నిలిచింది, అంటే ఆరు లీటర్లే. ఫిల్టరు విప్పితే దుమ్ముతో పరుపులా ఉంది. కడిగి ఆరబెట్టి పెట్టాక 980కి దిగింది.

అన్నిటికంటే నన్ను మోసం చేసింది మాత్రం మీటరే. రెండు నెలల తరవాత, ముప్పై మంది ఉన్నా అంకె చక్కగా 700 చూపిస్తోంది, పెద్ద ఫ్యాను కదలదు, పిల్లలు మళ్లీ తూగుతున్నారు. అనుమానమొచ్చి డాబా మీదికి తీసుకెళ్తే 210 చూపించింది. భూమి మీద బయటి గాలిలో అంత తక్కువ ఎక్కడా ఉండదు. ఇలాంటి మీటర్లు వారంలో కనిపించిన అతి తక్కువ అంకెనే బయటి గాలి అనుకుని తమను తాము సరిచేసుకుంటాయి. ఆఫీసులు రాత్రి ఖాళీ అవుతాయి కాబట్టి అక్కడ చెల్లుతుంది. మా హాలు ఇరవై నాలుగు గంటలూ ఖాళీ కాదు, పాపం దానికేం తెలుసు! సెట్టింగ్స్‌లో ఆ ఆటో కాలిబ్రేషన్ ఆపేశాను. రెండు నెలలకోసారి తెల్లవారుజామున మీటరును డాబా మీదికి తీసుకెళ్లి, ఇరవై నిమిషాలు ఉంచి, నా ఊపిరి తగలకుండా దూరంగా నిలబడి, చెయ్యి చాపి కాలిబ్రేషన్ బటను నొక్కి వస్తాను.