ఇల్లు ఖాళీ చేయమని ఓనరు నోటీసిస్తే: విశాఖలో అద్దెకున్నవాళ్ళు ఏం చేయాలి?

"మా అబ్బాయి బెంగళూరు నుంచి వచ్చేస్తున్నాడమ్మా, వచ్చే నెలకల్లా మీరు ఇల్లు చూసుకోండి." ఎంవీపీ కాలనీలో అయినా, మురళీనగర్‌లో అయినా ఖాళీ చేయించే మాట చాలాసార్లు ఇలా మెట్ల మీదే మొదలవుతుంది. కొన్నాళ్ళకు వకీలు పేరుతో ఒక కవరు వస్తుంది. అందులో 'పదిహేను రోజుల్లో' అన్న మాట చూడగానే సగంమంది సామాను సర్దడం మొదలుపెడతారు, మిగతా సగం కవరే తీసుకోరు. రెండూ నష్టమే. నోటీసు గడువు ముగిసిన రోజు వేరు, మిమ్మల్ని ఇంట్లోంచి పంపగలిగే రోజు వేరు. ఈ రెంటి మధ్య ఉన్న సమయాన్ని ఎలా వాడుకోవాలో చూద్దాం.

ముందు అగ్రిమెంటు తీయండి

బీరువాలో ఉన్న ఆ స్టాంపు పేపరులో మూడు విషయాలు చూడండి: ఎన్ని నెలలకు రాసుకున్నారు, ఖాళీ చేయాలంటే ఎన్నాళ్ళ ముందు చెప్పాలి, అడ్వాన్స్ ఎంత. నోటీసు గడువు నెల అనో, రెండు నెలలు అనో రాసి ఉంటే ముందుగా చూడాల్సింది దాన్నే. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 106 చెప్పే పదిహేను రోజులు, వేరే ఒప్పందం గానీ స్థానిక చట్టం గానీ లేనప్పుడే. అగ్రిమెంటు రిజిస్టరు కాకపోతే దాన్ని కోర్టు ఎంతవరకు పట్టించుకుంటుందో వకీలును తప్పక అడగండి. రాష్ట్ర అద్దె చట్టం మీ ఇంటికి వర్తిస్తుందా, దాని ప్రకారం ఖాళీ చేయించడానికి ఏ కారణాలు చెల్లుతాయి అన్నది కూడా అప్పుడే తేల్చుకోండి.

ఇక మనలో ఎక్కువమంది పరిస్థితి ఇది: పదకొండు నెలలకు రాసుకున్నారు, ఆ పదకొండు నెలలూ ఎప్పుడో అయిపోయాయి, కొత్త కాగితం లేదు, అద్దె మాత్రం నెలనెలా ఫోన్‌పేలో వెళ్తోంది. గడువు తీరితే లీజు దానంతటదే ముగుస్తుంది, దానికి నోటీసు అక్కర్లేదు. కానీ ఆ తర్వాత కూడా మీరు ఉంటూ, ఓనరు అద్దె తీసుకుంటూ ఉంటే అదే చట్టం సెక్షన్ 116 ప్రకారం అది నెలవారీ అద్దెగా సాగినట్టు లెక్క. అప్పుడు "మీ అగ్రిమెంటు ఎప్పుడో అయిపోయింది, రేపే వెళ్ళండి" అంటే కుదరదు, నోటీసు ఇవ్వాల్సిందే. అందుకే గడువు దాటాక ఓనరు తీసుకున్న అద్దెకు రుజువులన్నీ ఒకచోట పెట్టుకోండి. బ్యాంకు స్టేట్‌మెంటు చాలు. చేతికి ఇచ్చే అలవాటుంటే ఈ నెల నుంచే మానేసి ఖాతాకు పంపండి.

నోటీసు నోటీసేనా?

మెట్ల మీద చెప్పిన మాట సెక్షన్ 106 అడిగే నోటీసు కాదు. అది రాతలో ఉండాలి, ఓనరు గానీ ఆయన తరఫువారు గానీ సంతకం చేయాలి. పోస్టులో పంపాలి, లేదా మీ చేతికో, ఇంట్లో మీ కుటుంబసభ్యుల చేతికో, పనివాళ్ళ చేతికో ఇవ్వాలి. అదీ వీలుకాకపోతే ఇంటికి బాగా కనబడే చోట అంటించాలి. వాట్సాప్ మెసేజ్ ఈ జాబితాలో లేదు. అలాగని దాన్ని చూసీ చూడనట్టు వదిలేయకండి. వెనకాల కవరు వస్తోందని దాని అర్థం.

కవరు వస్తే తీసుకోండి. పోస్ట్‌మన్‌ను "ఇంట్లో లేరు" అని పంపించేస్తే నోటీసు అందనట్టేనన్నది ఉత్త భ్రమ. సరైన చిరునామాకు పంపిన రిజిస్టర్డ్ ఉత్తరాన్ని తిప్పి పంపితే అందినట్టుగానే కోర్టులు భావిస్తాయి. మీకు మిగిలేది ఒక్కటే, లోపల ఏముందో తెలియకపోవడం.

రోజులు లెక్కపెట్టండి

ఉత్తరం మీద వేసిన తేదీ కాదు, మీకు అందిన తేదీ ముఖ్యం. నోటీసు మీద జూన్ 1 అని ఉంది, మీరు జూన్ 5న సంతకం పెట్టి తీసుకున్నారు. అందిన రోజు వదిలేసి 6 నుంచి లెక్కేస్తే పదిహేను రోజులు జూన్ 20తో పూర్తవుతాయి. కవరు పారేయకండి, దాని మీద పోస్టాఫీసు ముద్ర ఉంటుంది.

"నోటీసు నెలాఖరుతో ముగియాలి, లేకపోతే చెల్లదు" అని ఇప్పటికీ చెప్పే పెద్దమనుషులు ఉన్నారు. అది పాత రూలు. 2002 డిసెంబరు 31 నుంచి అమలైన సవరణతో పోయింది. నోటీసులో ఒకటి రెండు రోజులు తక్కువ వేసినా, అసలు గడువు తీరాకే కోర్టుకు వెళ్తే ఆ ఒక్క కారణంతో నోటీసు కొట్టేయడానికి లేదు. కాబట్టి తేదీలో తప్పు పట్టుకుని గెలుద్దామన్న ఆశ పెట్టుకోవద్దు.

దుకాణానికీ ఇవే పదిహేను రోజులు. గాజువాక ఆటోనగర్‌లో వస్తువులు తయారు చేసే షెడ్డు అయితే, వేరే ఒప్పందం లేనప్పుడు, ఆరు నెలలు. మీరే ఖాళీ చేయాలనుకున్నా అదే లెక్క.

ఇల్లు అమ్మేశారని నోటీసు వచ్చినా కంగారు వద్దు. అమ్మకంతో మీ అద్దె దానంతటది రద్దు కాదు. కొన్నవారు పాత ఓనరు స్థానంలోకి వస్తారు, అంతే. వారి ఖాతా వివరాలు రాతపూర్వకంగా అడిగాకే అద్దె అటు పంపండి.

జవాబు రాయండి

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన పని ఇదే, చాలామంది వదిలేసేదీ ఇదే. నోటీసులో "మూడు నెలలుగా అద్దె ఎగ్గొట్టారు" లాంటి మాట ఉంటే మీరు ఊరుకోవడం రేపు మీకే ఎదురు తిరుగుతుంది. గొడవ లేని కేసులో ఇలా రాస్తే సరిపోతుంది:

"అయ్యా, జూన్ 1 తేదీ గల మీ నోటీసు జూన్ 5న నాకు అందింది. జూన్ నెల అద్దె జూన్ 3న మీ ఖాతాకు పంపాను. బకాయి ఏమీ లేదు. పిల్లల చదువు దృష్ట్యా ఇల్లు వెతుక్కోవడానికి ఆగస్టు 10 వరకు గడువు కోరుతున్నాను. అప్పటివరకు అద్దె యథాప్రకారం చెల్లిస్తాను. ఇల్లు అప్పగించే రోజున అడ్వాన్స్ రూ. 36,000 తిరిగి ఇవ్వగలరు."

పోస్టులో పంపి రసీదు దాచండి. ఆషాఢంలో ఇల్లు మారమనో, మూఢం ఉందనో కూడా గడువు అడగొచ్చు. చట్టంలో ఆషాఢం లేదు గానీ ఓనరుగారి ఇంట్లోనూ పంచాంగం ఉంటుంది, చాలామంది కాదనరు. ఒప్పుకుంటే ఆ తేదీని రాతలో వేయించుకోండి. నిజం చెప్పాలంటే, ఓనరుకు ఇల్లు నిజంగానే కావలసి ఉంటే రెండు నెలల గడువు మాట్లాడుకుని మర్యాదగా వెళ్ళడమే రెండేళ్ళ కోర్టు కన్నా మేలు. అద్దె పెంచడానికే ఖాళీ చేయమంటున్నారని తెలిస్తే బేరం వేరేగా ఉంటుంది, అసలు ఎంత కావాలో సూటిగా అడగండి.

నోటీసు వచ్చిందని అద్దె మాత్రం ఆపకండి. ఓనరు తీసుకోనంటే ఖాతాకే పంపండి. తిప్పి పంపితే ఆ రికార్డూ మీకు పనికొస్తుంది.

గడువు దాటితే

ఓనరు మిమ్మల్ని బయటికి నెట్టలేరు, దావా వేయాలి. చట్టప్రకారం తప్ప స్వాధీనం తీసుకోవడానికి లేదని సుప్రీంకోర్టు 1989లో కృష్ణారామ్ మహాలే కేసులో తేల్చింది. అయితే ఉచితంగా ఉండొచ్చని కాదు. గడువు తర్వాత ఉన్న కాలానికి నష్టపరిహారం కట్టమని కోర్టు చెప్పొచ్చు, అది మీ అద్దె కన్నా ఎక్కువే కావచ్చు. సమన్లు వస్తే 30 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి. మీకు తెలియకుండా తాత్కాలిక ఉత్తర్వులు తెస్తారని అనుమానముంటే ముందే కేవియట్ (నాకు చెప్పకుండా ఉత్తర్వులు ఇవ్వొద్దని కోర్టులో వేసే అర్జీ) వేయించుకోండి, అది 90 రోజులు పనిచేస్తుంది.

మీరు ఊరెళ్ళినప్పుడు తాళం మార్చేస్తే ఫొటోలు, వీడియో తీసి, 112కు ఫోన్ చేసి, స్టేషన్‌లో ఫిర్యాదు రాసి ఇవ్వండి. "సివిల్ మేటర్" అని పంపేయాలని చూసినా రసీదు అడగండి. అక్రమంగా ఖాళీ చేయిస్తే నిర్దిష్ట పరిహార చట్టం సెక్షన్ 6 కింద ఆరు నెలల్లోపు దావా వేసి స్వాధీనం తిరిగి కోరవచ్చు. ఆరు నెలలు దాటాయా, ఆ దారి మూసుకుపోయినట్టే.

వకీలు ఖర్చు భారమైతే జిల్లా కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్ళండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంటుంది. 15100కు ఫోన్ చేసినా దారి చెబుతారు.

ఖాళీ చేసే రోజు

గోడలు, కుళాయిలు, స్విచ్చులు వీడియో తీయండి. పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె కోసేయడం మన ఊళ్ళో మామూలే. అగ్రిమెంటులో ఆ మాట ఉందా అని ముందే చూసుకోండి. లేకపోతే దేనికి ఎంత కోస్తున్నారో లెక్క రాసివ్వమనండి. కరెంటు మీటరు రీడింగ్ ఓనరు ఎదురుగానే ఫొటో తీసి, ఆ రోజు వరకు బిల్లు తేల్చండి. గ్యాస్ కనెక్షన్, ఆధార్ చిరునామా తర్వాత నిదానంగా మార్చుకోవచ్చు. తాళాలు మాత్రం అడ్వాన్స్ డబ్బు ఖాతాలో పడ్డాకే ఇచ్చి, "తాళాలు అందాయి" అని తేదీతో సహా రాయించుకోండి.