ఉప్పు నేల బుడిపెలోంచి పనికొచ్చే రైజోబియం తీయడం

పప్పుజాతి మొక్కల వేర్ల మీది బుడిపెల్లో ఉండి, గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బాక్టీరియా రైజోబియం. ఉప్పు నేలలో కూడా ఆ పని చేసే రకాన్ని వెతికి పట్టడం గురించే ఇదంతా. నా దగ్గర ఒక పాత పెట్రీ ప్లేటు ఫొటో ఉంది. బాక్టీరియాను పెంచే అగార్ జెల్లీలో నాలుగు శాతం ఉప్పు కలిపి, దాని మీద గీసిన బాక్టీరియా గీతల్లో ఒకే ఒక్కటి మీగడలా దట్టంగా పెరిగింది, మిగతా పదకొండు గీతలు ఖాళీ. ఆ రోజు ల్యాబ్‌లో కనపడ్డవాళ్లందరికీ చూపించుకుంటూ తిరిగాను. మూడు వారాలు దాన్ని మురిపెంగా పెంచి మొక్కకు పెడితే ఒక్క బుడిపె రాలేదు. అది అసలు రైజోబియమే కాదు, బుడిపె పైతొక్కకు అంటుకుని వచ్చిన వేరే బాక్టీరియా. ఆ దెబ్బతో మార్చుకున్న పద్ధతే ఇది.

ముందు తవ్వకం. ఎండి బీటలు వారిన నేలలో బుడిపెల కోసం వెతకొద్దు. నీళ్లు లేక మొక్క వాడిపోతుంటే బుడిపెలు ముందే ముడుచుకుపోయి రాలిపోతాయి. వాన పడ్డాక నాలుగైదు వారాలకు, మొక్క పూతకు వచ్చే వేళకు వెళ్లండి. మొక్కను పట్టుకుని పీకితే బుడిపెలు మట్టిలోనే ఉండిపోతాయి. మొదలు చుట్టూ జానెడు దూరంలో, జానెడు లోతున తవ్వి, పెళ్ల పెళ్లగా ఎత్తి బకెట్ నీళ్లలో నానబెట్టండి. కొత్తవాళ్లు జీలుగతో మొదలుపెడితే మేలు. అది చౌడును ఓర్చుకుంటుంది, బుడిపెలూ సులువుగా దొరుకుతాయి. సర్కారు తుమ్మ దగ్గర మాత్రం పైమట్టిలో ఏమీ కనపడకపోయినా ఆశ్చర్యపోకండి. దాని వేర్లు తేమ వెతుక్కుంటూ ఎంతో లోతుకు పోతాయి, బుడిపెలూ అక్కడే ఉండొచ్చు.

దొరికింది బుడిపేనా అని గోటితో తేల్చుకోవచ్చు. బుడిపె వేరుకు పక్కన అతుక్కుని ఉంటుంది, కాస్త నెడితే ఊడొస్తుంది. నులిపురుగు కణితి అయితే వేరు భాగమే ఉబ్బి ఉంటుంది, ఊడదు. ఒకదాన్ని బ్లేడుతో కోసి చూడండి. లోపల గులాబీ రంగుంటే లెగ్‌హీమోగ్లోబిన్ (బుడిపెలో ఆక్సిజన్‌ను అదుపులో ఉంచే ఎర్ర ప్రోటీన్) ఉన్నట్టు, అంటే నత్రజని పని జరుగుతున్నట్టు. ఆకుపచ్చగా ఉంటే ముసలిది. తెల్లగా ఉంటే ఇంకా లేతది కావచ్చు, లేదా పనిచేయనిది. మంచివాటిని అటూ ఇటూ అరసెంటీమీటరు వేరు ఉంచి కత్తిరించండి. సీసా అడుగున సిలికా జెల్, దాని మీద దూది, ఆ పైన బుడిపెలు వేసి మూత పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో వేసుకొస్తే ఏమవుతుందో రెండో రోజు వాసనే చెబుతుంది. నాకు ఆ అనుభవమూ ఉంది.

అక్కడి మట్టి కూడా ఒక డబ్బాడు తెచ్చుకుని ఈసీ (కరెంటు ఎంత పారుతుందో చూసి ఉప్పు ఎంతుందో చెప్పే కొలత), పీహెచ్ (ఆమ్లమో క్షారమో చెప్పే కొలత) రెండూ చూడండి. మట్టిని నీళ్లతో పూర్తిగా తడిపి తీసిన ద్రావణంలో ఈసీ మీటరుకు 4 డెసీసీమెన్లు దాటితే ఉప్పు నేల అంటారు. ఒక వంతు మట్టికి ఐదు వంతుల నీళ్లు కలిపి చూస్తే అదే మట్టి ఇంకా చాలా తక్కువ అంకె చూపిస్తుంది. ఆ అంకెను ఈ 4తో పోల్చి నేల బాగుందనుకోకండి.

ఇక శుభ్రం చేయడం. నేను బోర్లా పడింది ఇక్కడే. ఎండిన బుడిపెలను ముందు స్టెరైల్ (సూక్ష్మజీవులు లేని) నీళ్లలో ఉబ్బనివ్వాలి. తర్వాత స్పిరిట్‌లో పది సెకన్లు, మూడు శాతం సోడియం హైపోక్లోరైట్‌లో మూడు నిమిషాలు, ఆపైన స్టెరైల్ నీళ్లు ఆరు సార్లు మార్చి కడగాలి. బుడిపె మరీ చిన్నదైతే హైపోక్లోరైట్ సమయం తగ్గించండి, లేకపోతే లోపలున్నవీ చస్తాయి. కడిగిన బుడిపెను నలిపే ముందు ఒక ప్లేటు మీద దొర్లించండి, ఆఖరి కడుగు నీళ్లూ ఒక చుక్క వేయండి. ఆ ప్లేటులో ఏదైనా మొలిస్తే ఆ బుడిపె మీద నమ్మకం వదిలేయాలి. ఆనాడు నేను ఎగ్గొట్టింది సరిగ్గా ఈ ఒక్క ప్లేటే.

బాక్టీరియాను పెంచే మీడియం పెద్ద కష్టం కాదు. లీటరు నీళ్లకు మానిటాల్ 10 గ్రాములు, ఈస్ట్ ఎక్స్‌ట్రాక్ట్ అర గ్రాము, డైపొటాషియం ఫాస్ఫేట్ అర గ్రాము, మెగ్నీషియం సల్ఫేట్ 0.2, ఉప్పు 0.1, అగార్ 15 గ్రాములు, పీహెచ్ 6.8. కాంగో రెడ్ అనే ఎర్ర రంగు కలిపితే రైజోబియం ఆ రంగు పెద్దగా పీల్చుకోదు, తెల్లగానే కనపడుతుంది. నలిపిన బుడిపె రసాన్ని దీని మీద గీసి, ప్లేట్లను చీకట్లో, 28 డిగ్రీల దగ్గర ఉంచండి. వెలుతురు తగిలితే రైజోబియం కూడా ఎర్రబడి మనల్ని తికమక పెడుతుంది. త్వరగా పెరిగేవి మూడు నుంచి ఐదు రోజుల్లో వస్తాయి. నెమ్మదిగా పెరిగే బ్రాడీరైజోబియం రకాలకు వారం, పది రోజులు పడుతుంది, తొందరపడి పారేయకండి.

ఉప్పు పరీక్షకు ఇదే మీడియంలో అర, ఒకటి, రెండు, మూడు శాతం ఉప్పు కలిపిన ప్లేట్లు పోస్తాం. ఒక శాతం అంటే దాదాపు 170 మిల్లీమోలార్. ఉప్పు నేలల నుంచి వచ్చిన చాలా రకాలు అక్కడ హాయిగా పెరుగుతాయి, ట్రెహలోజ్ అనే చక్కెర లాంటివి ఒంట్లో కూడబెట్టుకుని తట్టుకుంటాయి. చాలా పప్పుజాతి మొక్కలేమో 50 నుంచి 100 మిల్లీమోలార్లకే డీలా పడతాయి. పైగా వేరునూగు వంకర తిరిగి బాక్టీరియాను లోపలికి రానిచ్చే ఘట్టం ఇంకా సున్నితమైనది. ప్లేటు మీద మూడు శాతంలో గెలిచింది వేరులో గెలుస్తుందని కాదు. అందుకే నేను ఒక శాతంలో పెరగనివాటిని తీసేసి, మిగతావాటికి ప్లేటు మీద ర్యాంకులు ఇవ్వడం మానేశాను.

నీటి ఎద్దడిని తట్టుకుంటుందో లేదో చూసే కరువు పరీక్షకు, నీటిని పట్టి ఉంచే పాలీఇథిలీన్ గ్లైకాల్ వాడాలంటే ద్రవ మీడియంలోనే వాడండి, అది కలిస్తే అగార్ సరిగ్గా గడ్డకట్టదు. నాకు మాత్రం బాక్టీరియాను స్టెరైల్ ఇసుకలో కలిపి ఆరబెట్టి, వారం వారం ఎన్ని బతికున్నాయో లెక్కపెట్టడమే నచ్చుతుంది.

అసలు పరీక్ష కుండీలో. ఆటోక్లేవ్ చేసిన (ఒత్తిడి ఆవిరితో సూక్ష్మజీవులను చంపిన) ఇసుక, నత్రజని లేని పోషక ద్రావణం, ఏ జాతి బుడిపెలోంచి తీశామో ఆ జాతి విత్తనాలు. ఉప్పు లీటరుకు 1.46 గ్రాములు (25 మిల్లీమోలార్), 2.92 గ్రాములు (50 మిల్లీమోలార్), ఒక వరుస అసలు లేకుండా. ప్రతి మోతాదునూ రెండు జట్లుగా పెట్టండి. ఒకదానికి మొదటి రోజు నుంచే ఉప్పు, రెండోదానికి బుడిపెలు వచ్చాక. మొదటి జట్టులోనే బుడిపెలు తగ్గితే దెబ్బ తగిలింది వేరులోకి దిగే దశలో. రెండు జట్లలోనూ బుడిపెలు ఉండి మొక్క పాలిపోతే దెబ్బ బుడిపె పని మీదో, మొక్క మీదో పడినట్టు. రోజూ కుండీని తూచి, ఆవిరైనంత మామూలు స్టెరైల్ నీళ్లే పోయండి. ఉప్పునీళ్లే పోస్తూ ఉంటే వారం తిరిగేసరికి లోపల ఉప్పు ఎంతుందో మీకే తెలియదు.

ప్రతి ఉప్పు మోతాదులోనూ బాక్టీరియా వేయని కుండీ ఒకటి, బాక్టీరియా లేకుండా పొటాషియం నైట్రేట్‌తో నత్రజని ఇచ్చిన కుండీ ఒకటి ఉండాలి. నైట్రేట్ ఇచ్చిన మొక్క కూడా ఎదగకపోతే తప్పు మీ రైజోబియానిది కాదు, ఆ ఉప్పు మొక్కకే ఎక్కువైంది. ఐదారు వారాలకు వేర్లు కడిగి బుడిపెలు లెక్కపెట్టి, కోసి రంగు చూసి, పైమొక్కను 70 డిగ్రీల దగ్గర ఎండబెట్టి తూచండి. బుడిపెల సంఖ్య కన్నా ఆ ఎండు బరువునే నేను ఎక్కువ నమ్ముతాను.

తూకాలు మొదలుపెట్టే ముందు బాక్టీరియా వేయని కుండీల వేర్లు విప్పి చూడండి. అందులో ఒక్క గులాబీ బుడిపె కనపడినా ఆ బ్యాచ్ మొత్తం పారబోసి, ఇసుక మళ్లీ ఆటోక్లేవ్‌లో పెట్టండి.