నిప్పు పెట్టారన్న అనుమానం ఉంటే దర్యాప్తు ఎలా సాగుతుంది

ఇంటికో దుకాణానికో ఎవరో కావాలనే నిప్పు పెట్టారని అనుమానం కలిగితే, 101కి ఫోన్ చేసి మంటలు ఆర్పించాక, బూడిద ఎత్తకుండా, ఏదీ కడగకుండా, చోటును ఉన్నదున్నట్టు వదిలి పోలీసులకు ఫిర్యాదు ఇవ్వాలి. దర్యాప్తు చేసేవారు తక్కువ కాలిన వైపు నుంచి ఎక్కువ కాలిన వైపుకు వెళ్తూ, గోడల మీది మసి ఆనవాళ్లను బట్టి మంట మొదలైన చోటును వెతుకుతారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు మూడు చోట్ల మొదలైనట్టు తేలితే అనుమానం బలపడుతుంది. షార్ట్ సర్క్యూట్ అని తొందరపడి తేల్చేయడం మనకు అలవాటే గాని, కరిగిన తీగ మంటకు కారణమూ కావచ్చు, ఫలితమూ కావచ్చు. పెట్రోలు, కిరోసిన్ ఆవిరైపోతాయి కాబట్టి, క్లూస్ టీం కాలిన గుడ్డను, మట్టిని మామూలు ప్లాస్టిక్ సంచిలో కాక గాలి చొరని డబ్బాలో భద్రపరుస్తుంది. పోలీసులు పంచనామా రాసి వాటిని ఫోరెన్సిక్ ల్యాబ్‌కు పంపుతారు. ఇల్లు తగలబెట్టిన నేరానికి భారతీయ న్యాయ సంహిత 326(జి) కింద యావజ్జీవ కారాగారం వరకు శిక్ష పడవచ్చు.