అమ్మ టైపిస్టు రోజులు రాసుకోవాలంటే

మీ అమ్మో మేనత్తో ఒకప్పుడు టైపిస్టుగానో స్టెనోగానో చేశారా? ఆ సంగతులు రాసిపెట్టుకోవాలంటే మాత్రం నాలాగా మొదలుపెట్టకండి. నేను ఫోన్లో రికార్డింగ్ పెట్టి, "అమ్మా, ఆఫీసులో ఏం కష్టాలు పడ్డావో చెప్పు" అన్నాను. "ఏముందే, అందరిలాగే" అని చిక్కుళ్లు ఒలుచుకుంటూ కూర్చుంది.

ముందు బీరువాలో కాగితాలు తీయించండి. మా అమ్మ ఇంగ్లీషు టైపు లోయరు పరీక్ష సర్టిఫికెట్ దొరికింది. లోయరంటే నిమిషానికి 30 మాటలు, హయ్యరుకైతే 45. అది చూడగానే ఆవిడ వేళ్లు టేబుల్ మీద టైపు మొదటి పాఠం "ఏ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్" కొట్టడం మొదలుపెట్టాయి. రికార్డింగ్ నొక్కాల్సింది అప్పుడు.

చేతులు ఏం చేసేవో అడగండి. అయిదు కాగితాల మధ్య నాలుగు కార్బన్లు పెట్టి టైపు చేసేటప్పుడు ఒక్క అక్షరం తప్పు పడిందనుకోండి. ప్రతి కార్బన్ ముందూ ఓ చీటీ ముక్క దూర్చి, అయిదు కాపీల్లోనూ విడివిడిగా రబ్బరుతో చెరిపి, చీటీలు తీసేసి మళ్లీ కొట్టాలట. చీటీ మర్చిపోతే కింది కాపీల మీద నల్లటి మరక. ఇది చెబుతున్నంతసేపూ చిక్కుళ్ల గిన్నె అలాగే ఉండిపోయింది.

బాత్రూం ఎక్కడుండేదో తప్పకుండా అడగండి. మొహమాటపడితే అసలు సంగతి జారిపోతుంది. అమ్మ పనిచేసిన కంపెనీలో ఆడవాళ్లకు వేరే లేదు. మధ్యాహ్నం దాకా నీళ్లు తాగేది కాదు.

జీతం సంగతి మగవాళ్ల జీతంతో కలిపి అడగండి. ఆడ్రీ డికోస్టా అనే స్టెనోగ్రాఫర్ మెకినన్ మెకంజీ కంపెనీ మీద సమాన వేతనం కోసం పోరాడితే, 1987లో సుప్రీంకోర్టు ఆమె పక్షానే తీర్పిచ్చింది. 1976 నాటి సమాన వేతన చట్టం ఉన్నా అంతదాకా వెళ్లాల్సి వచ్చింది. ఇది చెప్పి, "మరి నీకో?" అన్నాను. "ఏమో, కవర్లో పెట్టి ఇచ్చేవాళ్లు. పక్కాయన కవర్లో ఎంతుందో నాకేం తెలుసు?" అంది.

సంవత్సరాల కోసం మరీ పట్టుపట్టకండి. "మీ అన్నయ్య కడుపులో ఉన్నప్పుడు" అంటే లెక్క మీరే కట్టుకోవచ్చు. పీఎఫ్ స్లిప్పులు ఉంటే సరిచూసుకోండి.

చివరికి ప్రింటు తీసి ఆవిడకే ఇవ్వండి. మా అమ్మ ఒక్క ముక్కా చదవకముందే అంది: "ఎడమవైపు మార్జిన్ ఏదే? ఫైలు ట్యాగు ఎక్కడ వేస్తావ్?"