తుఫాను గాలికి రేకులు లేచిపోతున్నాయా? ఎక్కడ ఊడిందో ముందు చూడండి

రేకులు ఎగిరిపోగానే కొత్తవి తెచ్చి, పాత పద్ధతిలోనే బిగించేస్తారు చాలామంది. దయచేసి ఆగండి. ఊడిన చోటు చూస్తే కారణం తెలుస్తుంది.

సమస్య: చూరు దగ్గర, మూలల్లో రేకులే ముందు లేచాయి

గోడకు కొట్టుకున్న గాలి పైకి మళ్లుతుంది. ఆ ఊపులో చూరు అంచు దాటాక రేకును ఆనుకుని పారలేక విడిపోతుంది, సుడులు తిరుగుతుంది. అక్కడ ఒత్తిడి బాగా పడిపోతుంది. ఇంట్లో గాలి ఒత్తిడి మాత్రం అంతగా తగ్గదు. అంటే రేకును లేపేది నిజానికి దాని కింద ఉన్న గాలే! వాలు తక్కువగా ఉన్న కప్పులకు ఈ బాధ ఎక్కువ.

2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్ గాలులు గంటకు 180 కి.మీ. దరిదాపుల్లో వీచాయి. ఆ వేగంలో గాలి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 150 కిలోల బరువుతో సమానం. మామూలు ఇనుప రేకు బరువు చదరపు మీటరుకు 5 కిలోలు అటూఇటూ. వేగం సగమైతే ఒత్తిడి నాలుగో వంతుకు దిగుతుంది, అయినా రేకు బరువు చాలదు. ఆపాల్సింది బిగింపే.

పరిష్కారం: చూరు వెంట, మూలల్లో, కొప్పు దగ్గర జె హుక్కులు (రేకును కింది పైపుకు పట్టి ఉంచే వంపు బోల్టులు) మధ్యలో కంటే దగ్గరదగ్గరగా వేయించండి. చూరు అర మీటరుకు మించి బయటికి రానివ్వకండి.

సమస్య: బోల్టు అక్కడే ఉంది, రేకు చిరిగిపోయింది

వాషరు చిన్నది. గాలి విసురుకు రేకు గంటల తరబడి టపటపా కొట్టుకుని, రంధ్రం చుట్టూ పగులుతుంది. వెడల్పాటి ఇనుప వాషరు, దాని కింద రబ్బరు వాషరు వేయాలి. తుప్పు పట్టిన హుక్కు మళ్లీ వాడొద్దు.

సమస్య: పైపులతో సహా మొత్తం కప్పు లేచిపోయింది

రేకుల బిగింపు బాగానే ఉంది, పైపులే గోడ మీద ఊరికే ఆని ఉన్నాయి. గోడ పైన కాంక్రీటు బెల్టు పోసి, అందులో దిగేసిన బోల్టులకు పైపులు బిగించాలి.

సమస్య: తలుపు తెరుచుకోగానే కప్పు పోయింది

గాలి వచ్చే వైపు తలుపు తెరుచుకుంటే గాలి లోపలికి దూరి ఒత్తిడి పెంచుతుంది. పైన లాగుడు, కింద తోపు ఒకేసారి పడతాయి. ‘కిటికీలు తీసి ఉంచితే ఒత్తిడి సర్దుకుంటుంది’ అనే మాట నమ్మకండి. అన్నీ మూసి, తలుపులకు అడ్డగడియ వేయండి.

ఇసుక బస్తాలు, ఇటుకలు పైన పెట్టడం గురించి ఒక్క మాట. పై లెక్క ప్రకారం ప్రతి చదరపు మీటరుకూ మూడు 50 కిలోల బస్తాలు కావాలి, మూలల్లో అంతకంటే ఎక్కువే. అంత బరువు రేకుల కింది పైపులు (పర్లిన్లు) మోయలేవు. విడి ఇటుకలైతే గాలికి కదిలి పక్కింటివాళ్ల మీద పడతాయి.