పండ్ల పిప్పి దాణాలో కలిపాక బ్రాయిలర్లలో తేడా కనిపిస్తే: సమస్య - పరిష్కారం

జ్యూస్ తీశాక మిగిలే పిప్పి, తొక్కలు, టెంకలు దాణాకి పనికొస్తాయి. కాకపోతే వచ్చింది వచ్చినట్టు తెచ్చి కుమ్మరిస్తే వారం తిరక్కుండానే షెడ్డులో తేడా తెలుస్తుంది.

సమస్య: రెట్ట జిగురుగా పడుతోంది, లిట్టర్ (షెడ్డులో కింద పరిచే ఊక) తడిసి ముద్ద కడుతోంది

కారణం చాలావరకు పెక్టిన్, అంటే పండ్లలో ఉండే జిగురు లాంటి పీచు. నారింజ, నిమ్మ, యాపిల్ పిప్పిలో ఇది బాగా ఉంటుంది. కోడి పేగులో నీటిని పట్టుకుని జిగురులా మారుతుంది, దాంతో మేత సరిగా అరగదు, ఆ తడంతా రెట్టతో పాటు కింద పడుతుంది. గుప్పెడు లిట్టర్ తీసి గట్టిగా పిడికిలి బిగించి వదలండి. పొడిపొడిగా రాలితే సరే, ఉండలాగే ఉండిపోతే తేమ మితిమీరినట్టే. అలాగే నాలుగైదు కోళ్లను ఎత్తి పాదాల అడుగున చూడండి, నల్లటి పెచ్చులు కనిపిస్తే ఇక ఒక్కరోజు కూడా ఆగొద్దు, అప్పటికే పుండు మొదలైంది.

పిప్పి వాటా వెంటనే సగానికి తగ్గించి, ముద్ద కట్టిన లిట్టర్ తీసేసి పొడి ఊక వేయండి, గాలి బాగా ఆడనివ్వండి. కోళ్లు నీళ్లు తాగే నిపుల్స్ కారుతున్నాయేమో కూడా చూడండి, నేరమంతా పిప్పిదే కాకపోవచ్చు. తర్వాత మళ్లీ పెంచాలనుకుంటే పెక్టిన్‌ను విరగ్గొట్టే పెక్టినేజ్ ఉన్న ఎంజైమ్ కలపండి.

సమస్య: మేత మిగిలిపోతోంది, బరువు రావట్లేదు

మామిడి జీడి, ద్రాక్ష పిప్పి అయితే ముందు వగరుని అనుమానించండి. ఆ వగరుకి కారణమైన టానిన్లు ప్రోటీన్‌ను పట్టేసుకుని అరగనివ్వవు. జీడిని ముక్కలు చేసి, నానబెట్టి, ఉడికించి, ఆ నీళ్లు పారబోసి ఎండబెడితే వగరు చాలా తగ్గుతుంది.

నా లెక్కలో అంతకంటే పెద్ద తప్పు, తయారు దాణా మీద పిప్పి అదనంగా కలిపేయడం. 20 శాతం ప్రోటీన్ ఉన్న 100 కిలోల దాణాలో 5 శాతం ప్రోటీన్ ఉన్న పిప్పి 10 కిలోలు కలిపితే మొత్తం 18.6 శాతానికి పడిపోతుంది, పైగా పీచు పెరుగుతుంది. అందుకే ఫార్ములాలోనే కలుపుకోండి, ప్రోటీన్, ఎనర్జీ, లైసిన్, మిథియోనిన్ (కోళ్లకు తప్పనిసరైన అమైనో ఆమ్లాలు) అన్నీ సరిచూసుకుని మరీ. మొదటి మూడు వారాలు పిల్లలకు అసలు పెట్టొద్దు, తర్వాత 3 శాతంతో మొదలుపెట్టి 5 దగ్గర ఆగడం మంచిది.

సమస్య: దాణా బూజు వాసన, కోళ్లు డల్‌గా ఉన్నాయి

తాజా పిప్పిలో మూడొంతులు నీళ్లే, ఒక్క రోజు కుప్పగా వదిలేసినా పులుస్తుంది, వేడెక్కుతుంది. వచ్చిన రోజే పల్చగా పరిచి తేమ 10-12 శాతానికి వచ్చేదాకా ఎండబెట్టాలి. బూజు పట్టినదాన్ని మళ్లీ ఎండలో వేసి వాడదామనుకోకండి, బూజు చచ్చినా అది వదిలిన విషం, ముఖ్యంగా లివర్‌ను పాడుచేసే అఫ్లాటాక్సిన్, దాణాలోనే ఉంటుంది. పారేయండి, కోళ్లకు కొత్త దాణా పెట్టండి, అయినా తేరుకోకపోతే డాక్టర్‌కి చూపించండి.

అవకాడో తొక్క, టెంక మాత్రం ఏ రూపంలోనూ వద్దు, అందులోని పెర్సిన్ అనే విషం పక్షుల గుండెను దెబ్బతీస్తుంది.